చందాల కోసం దయ్యాల ఇంట్లో మజిలీ

మా ఇంటి నుంచి ఆ ఇంటికి నడిచి వెళితే, బయలుదేరేటప్పుడు నోట్లో వేసుకున్న వక్క ఇంకా నలిగీ నలగకుండానే ఉంటుంది. అంత దూరానికి యాత్ర అని పేరు పెట్టి రాయడం ఏమిటని మా ఆవిడ కామేశ్వరి నవ్వుతోంది. కాశీ వెళ్లొచ్చినవాళ్లు రాశారు, రామేశ్వరం వెళ్లొచ్చినవాళ్లు రాశారు. చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ వెళ్లొచ్చేవాళ్లు రోజూ వేలమంది ఉన్నా ఒక్కరూ రాయలేదు. నేను దిగిన ఇంట్లో వాళ్లెవరూ దిగకపోవడమే అందుకు కారణం అనుకుంటాను. పైగా కాశీ వెళ్లిన మా పెదనాన్నకి కూడా బయలుదేరేటప్పుడు అన్ని దండలు పడలేదు.

నారాయణగూడ: నోరు చేసిన పని

మాది తణుకు దగ్గర పల్లెటూరు. యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు మూటాముల్లే కట్టుకుని ఈ ఊరు వచ్చాను. చిక్కడపల్లిలో రెండు గదుల వాటాలో కాపురం. అరవై తొమ్మిదిలో ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలు జరిగినప్పుడు, జనగామ వైపు నుంచి వచ్చిన మా ఆఫీసు రాజలింగం రోజూ నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. "జర నోరు మూసుకోని కూసో మూర్తీ. నీ యాస వింటె ఇద్దరికి పడ్తయి" అనేవాడు దారి పొడుగునా. ఆ నోరు అప్పుడు మూసుకున్నాను గాని, మరుసటి ఎండాకాలం మూసుకోలేకపోయాను.

ఆ ఎండల్లో అశోక్ నగర్ మురుగు నాలా పక్కనున్న గుడిసెలు కాలిపోయాయి. పాలమూరు జిల్లా నుంచి ఇళ్లు కట్టే పనులకి వచ్చినవాళ్లవి. వానలు పడేలోగా వాళ్లకి కప్పులు వేయించాలని నేనూ, రాజలింగం తువ్వాలు పట్టుకుని బయలుదేరాం. నారాయణగూడ మార్కెట్ అంతా తిరిగితే తువ్వాలు తడవడమే గాని నిండలేదు. తడిసింది మా చెమటతో. "గవర్నమెంటు చూస్తుంది లెండి" అన్నవాళ్లు కొందరు, "మొన్ననే ఒకరికిచ్చాం" అన్నవాళ్లు మరికొందరు.

అలసిపోయి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. మా వైపు కాఫీని గ్లాసు ఎత్తి తాగుతాం. ఇక్కడ చాయ్‌ని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాలి. కప్పు పదిహేను పైసలు. కప్పు చిన్నదైనా దాని మీద ఎంతసేపు మాట్లాడినా ఎవరూ లేవమనరు. అదే నా కొంప ముంచింది. పక్క బల్ల వాళ్లు అశోక్ నగర్‌లోని దయ్యాల ఇంటి గురించి చెప్పుకుంటున్నారు. కట్టించినాయన గృహప్రవేశం చేసిన వారానికే పోయాడనీ, తరవాత అద్దెకి దిగినవాళ్లెవరూ మూడు నెలలు నిలవలేదనీ, ఈ మధ్య రాత్రిళ్లు బావి గిలక దానంతటదే తిరుగుతోందనీ. అడగకపోయినా నేను అందుకున్నాను. దయ్యాలు ఎందుకు లేవో, జనం ఎందుకు నమ్ముతారో, చదువుకున్నవాడు ఎలా ఆలోచించాలో రెండు చాయ్‌ల సేపు చెప్పాను. హోటలంతా విన్నది. అందరికంటే శ్రద్ధగా విన్నవాడు రాజలింగం.

"అయితె ఒక రాత్రి ఆడ పండుకుంటవా?" అన్నాడు.

"పడుకుంటాను. భయమేమిటి?"

వాడు వెంటనే బల్ల మీద చెయ్యి వేసి చుట్టూ చూశాడు. "అన్నా, విన్నరుగా! మా మూర్తి దయ్యాల ఇంట్ల పండుకుంటడు. తెల్లారెదాంక ఉంటె గుడిసెలోళ్లకి ఎవరెంతిస్తరు?"

పొద్దుటినుంచి జేబులు కుట్టేసుకున్న నారాయణగూడ ఒక్కసారిగా జేబులు విప్పింది. కాలిన గుడిసెల కోసం ఇవ్వనివాళ్లు కూడా నేను భయపడే తమాషా కోసం పోటీలు పడి ఇచ్చారు. ఒక్కటే షరతు. తెల్లవారాక గేటు దగ్గర అందరి ముందూ లోపల ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి.

ముషీరాబాద్: తాళంచెవి

ఇల్లు కిషన్‌రావు గారిది. కోర్టులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. కట్టించినాయన తమ్ముడు. ముషీరాబాద్‌లో ఉంటారు. అనుమతి అడగడానికి వెళితే కాదంటారేమోనని మనసులో ఆశపడ్డాను. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఇన్నేండ్ల సంది ఇల్లు ఖాళీగుంది మూర్తిగారూ. ఒక్క చదువుకున్న మనిషి పండుకోని, ఏం లేదని నలుగురికి చెప్తె నాకు కిరాయిదార్లు వస్తరు. మా పాత పశువుల కొట్టం రేకులు పడున్నయి. మీరు తెల్లారెదాంక ఉండుండ్రి, అవన్ని గుడిసెలోళ్లకి ఇస్త."

తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. రేకులంటే మాటలు కాదు. తాటాకు కప్పు మళ్లీ కాలుతుంది, రేకు కాలదు. ఇక వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది.

చిక్కడపల్లి రోడ్డు: సవారీ

శనివారం సాయంత్రం ప్రయాణం. కామేశ్వరి పులిహోర, ఆవకాయ కట్టి ఇచ్చింది. దోమలుంటాయని తెల్ల దుప్పటి కూడా పెట్టింది. "అంత భయమైతే మానెయ్యచ్చు కదండీ" అంది. భయమా అని నవ్వాను. ఆ నవ్వు నాకే నచ్చలేదు.

ఆఫీసువాళ్లు, హోటల్ వాళ్లు కలిసి నన్ను రిక్షా ఎక్కించి, మెడలో దండలు వేసి ఊరేగించారు. బస్సులో వెళుతున్న ఒకావిడ నన్ను చూసి, ఎవరో ఎలక్షన్లో నెగ్గాడనుకుని నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. పెట్టకపోతే ఏమనుకుంటుంది?

రిక్షా తొక్కేది యూసుఫ్. మలుపు దగ్గర ఆపేశాడు.

"గేటు దాంక రాను సాబ్. ఈడ్నే దిగుండ్రి."

"సరే, రేపు పొద్దున వస్తావా? అప్పుడు రెండూ కలిపి ఇస్తాను."

"ఇప్పుడే ఇచ్చెయ్యుండ్రి సాబ్. రేపు మీరు లేకపోతె నేనెవర్ని అడగాలె?"

మా తణుకులో రిక్షావాడు ఇంత ముందుచూపుతో మాట్లాడగా నేను వినలేదు. రావడానికీ పోవడానికీ కలిపి రూపాయి ఇచ్చేశాను.

అశోక్ నగర్: గేటు లోపల

జనం బయటే ఉండిపోయారు. రాజలింగం ఒక్కడే వరండా మెట్ల దాకా వచ్చి, "పరేషాన్ గాకు. కేక వేస్తె వస్త" అన్నాడు. "వస్తావా?" అన్నాను. "జర గట్టిగ వెయ్యాలె మరి, మా ఇల్లు బాగ్ లింగంపల్లి కదా" అన్నాడు.

ఇల్లు మంచి ఇల్లు. గచ్చునేల, ఎత్తైన కిటికీలు, ముందు పెద్ద హాలు, దాని వెనక నడవా, చివర వంటిల్లు, పెరట్లో బావి. దుమ్ము తప్ప తప్పుపట్టడానికేమీ లేదు. హాల్లో చాప పరిచాను. పులిహోర తర్వాత తిందామని పక్కన పెట్టుకున్నాను. దయ్యాలు లేవని నేను చెప్పిన కారణాలన్నీ వరసగా గుర్తు చేసుకుందామంటే ఒక్కటీ గుర్తు రాలేదు. ఇరానీ హోటల్లో వదిలేసి వచ్చినట్టున్నాను.

చీకటి పడగానే నాలా వైపు నుంచి దోమలు దండెత్తాయి. దుప్పటి తల మీదుగా కప్పుకుని, మొహం ఒక్కటీ బయట పెట్టి కూర్చున్నాను. మార్కెట్లో కొన్న బ్యాటరీలు పాతవేమో, టార్చి లైటు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. కొవ్వొత్తి వెలిగించాను.

అప్పుడు పెరట్లో గిలక కిర్రుమంది.

గాలికి తిరుగుతోందని నాకు నేను చెప్పుకున్నాను. కొవ్వొత్తి మంట మాత్రం కదలకుండా నిటారుగా నిలబడి, గాలి లేదని చెబుతోంది. కాసేపటికి పొగ వాసన వచ్చింది. దాని వెనకే పిండి కాలుతున్న కమ్మటి వాసన. దయ్యాలు తెల్లచీర కట్టుకుంటాయని, కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు చెప్పారు గాని వంట చేసుకుంటాయని ఎవరూ చెప్పలేదు.

బయటికి పరిగెత్తుదామనే లేచాను. గేటు అవతల రాజలింగం పెట్టి వెళ్లిన మనుషులు కాపలా ఉన్నారు. బయటికి వెళితే రేకులు పోతాయి. రేకుల కంటే ముందు నా పరువు పోతుంది. అందుకని, ఇంకో దారి లేక, దుప్పటి కప్పుకునే కొవ్వొత్తి పట్టుకుని నడవాలోకి నడిచాను. ఇందులో ధైర్యం ఏమీ లేదు. గేటు దగ్గర మనుషులకి భయపడి దయ్యం వైపు వెళ్లాను.

వంటింటి గుమ్మం: దర్శనం

వంటింటి తలుపు ఓరగా ఉంది. లోపల నిప్పు వెలుగు. నా గొంతు నాకే తెలియనంత సన్నగా వచ్చింది. "ఎవరండీ అక్కడ?"

లోపల ఎవరో కెవ్వున అరిచారు. ఆ వెంటనే తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు విరబోసుకున్న ఒక ముసలామె చీపురు ఎత్తి నా మీద పడింది.

"దిగుతవా దిగవా! ఎవ్వతివే నువ్వు! ఎవరి మీదికొచ్చినవ్!"

చీపురు నెత్తి మీదా, భుజాల మీదా, వీపు మీదా ఎడాపెడా పడుతోంది. కొవ్వొత్తి ఎక్కడికో పోయింది. నేను దుప్పట్లో చిక్కుకుని కిందపడ్డాను. ఆమె ఆపలేదు.

"ఏం గావాలె నీకు? కోడి గావాల్నా, కల్లు గావాల్నా? చెప్పి పో!"

"నాకేమీ వద్దండీ! కొట్టకండీ! తెల్లవారేదాకా ఉండనిస్తే చాలండీ!"

లోపలినుంచి ఇంకో ఆడగొంతు వినిపించింది. "అత్తా, ఆగు ఆగు! దయ్యం 'అండీ' అంటదా?"

చీపురు గాల్లో ఆగింది. ముసలామె ఆలోచించింది. "ఆంధ్రా దయ్యం గావొచ్చు" అని ఇంకొక్కటి వేసింది.

మొత్తానికి దుప్పటి తీసి, కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నాక నేను మనిషినని కోడలు నమ్మింది. అత్త సగమే నమ్మింది. దయ్యం లేదని తేల్చడానికి వచ్చిన నన్నే దయ్యమనుకుని వదిలించేశారన్నమాట.

పొయ్యి ముందు: జొన్నరొట్టె

కోడలి పేరు యాదమ్మ. అత్త సాయమ్మ. కాలిన గుడిసెల్లో వాళ్లదొకటి. యాదమ్మ మొగుడు బాలయ్య ఇల్లు కడుతున్న చోట సిమెంటు బస్తాలకి కాపలాగా రాత్రిళ్లు అక్కడే పడుకుంటాడు. గోనెసంచుల మీద ఇద్దరు పసిపిల్లలు, ఇంత గొడవ జరిగినా కదలకుండా నిద్రపోతున్నారు. వీళ్లు చీకటిపడ్డాక నాలా వైపు కూలిన గోడలోంచి వచ్చి, తెల్లవారకముందే వెళ్లిపోతారట. వీధి వైపు నా ఊరేగింపు జరిగిన సంగతి వాళ్లకి తెలియదు.

"ఎవరికి చెప్పకు సారూ" అంది యాదమ్మ. "గుడిసె కాలినంక ఒకరి అరుగు మీద పండుకుంటిమి, ఎల్లగొట్టిరి. ఇంకో కాడ పండుకుంటిమి, నీళ్లు పోసిరి. ఈడ దయ్యముందంటె ఎవ్వరు రారు గదా అని వస్తిమి."

"మీకు భయం లేదూ?"

"ఎందుకుండదు? గని వాన కొడితె పిల్లల్ని ఏడ పెట్టాలె? దయ్యం కొడ్తదో కొట్టదో. వానైతె తప్పక కొడ్తది."

నేను పులిహోర పొట్లం విప్పాను. సాయమ్మ రొట్టెలు చేస్తోంది. ఈ ఊరు వచ్చి ఇన్నేళ్లయినా జొన్నరొట్టె ఎలా చేస్తారో నేను చూడలేదు. మా వైపు అన్నం తప్ప మరొకటి తింటే జ్వరం వచ్చిందా అని అడుగుతారు. వేణ్నీళ్లతో పిండి కలిపి, కర్ర లేకుండా అరచేతులతోనే తడుతూ చంద్రుడంత చేసి పెనం మీద వేస్తుంది. పచ్చిమిరపకాయ తొక్కుతో పెట్టింది. మొదటి ముద్దకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారం వల్లే. వీపు మంట మర్చిపోయాను. మా ఆవకాయ ఆమె నాలిక్కి రాసుకుని చూసి, "నూనె ఎక్కువైంది" అంది. తణుకు ఆవకాయని అంత మాట అన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

అప్పుడు నేనెందుకు వచ్చానో చెప్పాను. చందాలు, హోటల్, రేకులు అన్నీ. యాదమ్మ రొట్టె పట్టుకుని వింటూ ఉండిపోయింది.

"అంటే, నువ్వు ఈ ఇంట్ల పండుకుంటె మాకు పైసలిస్తరా?"

"అవునమ్మా."

"మరి మేము ఇన్ని దినాల సంది ఈడ్నే పంటున్నం గద సారూ. మాకెవ్వరు ఇయ్యలేదేంది?"

నేను చాలా పుస్తకాలు చదివినవాణ్ని. ఇంకో రొట్టె పెట్టించుకున్నాను.

అసలు చిక్కు తరవాత బయటపడింది. పొద్దున కిషన్‌రావు గారు వస్తారు. దయ్యం లేదని నేను చెబితే ఆ మధ్యాహ్నమే ఇల్లు కడిగించి అద్దెకి ఇచ్చేస్తారు. రేకులు వచ్చి, గుంజలు పాతి, కప్పులు వేసేదాకా వీళ్లు ఎక్కడ ఉండాలి? దయ్యం ఉందని చెప్పాలంటే, హోటల్లో అందరి ముందూ అన్ని మాటలన్న నేను రిటైరయ్యేదాకా ఆఫీసులో తలెత్తుకోలేను. పైగా ఉన్నదున్నట్టు చెబుతానని మాటిచ్చాను.

"అబద్ధమాడి పాపం మూటగట్టుకోకు బిడ్డా" అంది సాయమ్మ. "ఇంకో కాడ చూసుకుంటం." అప్పటికి ఆమె నన్ను పూర్తిగా మనిషిగా ఒప్పుకున్నట్టుంది.

ఆ పొయ్యి పక్కనే గోడకి ఆనుకున్నాను. పిల్లల ఊపిరి, పొగ వాసన, సాయమ్మ గురక. అంత హాయిగా ఏ తీర్థంలోనూ నిద్రపోలేదు. యాదమ్మ తట్టి లేపేసరికి ఆకాశం బూడిదరంగులో ఉంది. పొయ్యి చల్లార్చి, బూడిద ఎత్తి, పిల్లల్ని భుజాన వేసుకుని వాళ్లు గోడ దాటి వెళ్లిపోయారు.

మళ్లీ గేటు దగ్గర

గేటు బయట ఆదివారం సంతలా ఉంది. ముందు కిషన్‌రావు గారు, ఇస్త్రీ చొక్కాతో, కళ్లల్లో ఆశతో. నా చిరిగిన బనీను, చేతుల మీద ఎర్రటి గీతలు చూడగానే అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏమన్న ఉందా మూర్తీ?" అన్నాడు రాజలింగం.

రాత్రంతా రాని మాట ఆ క్షణంలో తట్టింది. "చూసింది చూసినట్టు చెబుతానండి" అన్నాను. "పెద్ద వయసు. నెరిసిన జుట్టు, విరబోసుకుని ఉంది. చీపురుతో కొట్టింది."

"అయ్యో! ఏమన్న అడిగిందా?"

"కోడి కావాలా, కల్లు కావాలా అని అడిగింది."

"దయ్యమే నిన్ను అడిగిందా?"

"అడిగింది. నాకేమీ వద్దన్నాను. ఇంకొకటి కొట్టింది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దయ్యం అన్న మాట కూడా నేను అనలేదు. జనం మాత్రం నోళ్లు తెరిచారు. కిషన్‌రావు గారి మొహం చూడలేక తల దించుకున్నాను. ఆయన చాలాసేపు ఇంటి వైపు చూసి, "మాటంటె మాట. రేపు రేకులు పంపిస్త" అని నెమ్మదిగా వెళ్లిపోయారు. నా వీపు మీద పడ్డ దెబ్బలన్నిటికంటే ఆ నడక గట్టిగా తగిలింది.

సైకిల్ మీద ఇంటికి వస్తుంటే రాజలింగం అడిగాడు. "మూర్తీ, దయ్యం నీ మూతికి జొన్నపిండి గూడ పూసిందా?" అంతా చెప్పేశాను. "కప్పులు జల్ది వెయ్యాలె" అని వాడు గట్టిగా తొక్కాడు.

రెండో ప్రయాణం

గుడిసెలకి రేకులు పడ్డ మూడోనాడే వాన దంచింది. నాకు ఆఫీసులో 'చీపురు మూర్తి' అని పేరు స్థిరపడింది. యాదమ్మావాళ్లు తమ కప్పు కిందికి వెళ్లిపోయారు. ఇక ఆగలేక ముషీరాబాద్ వెళ్లి కిషన్‌రావు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన వాన చూస్తూ కూర్చున్నారు.

"ఆ పొద్దుగాలనే నాకు చెప్పొచ్చు గద?"

"చెబితే వాళ్లని ఉంచేవారా అండీ?"

ఆయన ఆలోచించారు. పెద్దమనిషి, తొందరపడి మంచి మాట అనలేదు. "లేదు. ఉంచకపోతుంటి" అన్నారు. నా వైపు తిరిగి, "అయితె మూర్తిగారూ, ఇప్పుడు ఆ ఇంటికి దయ్యాన్ని అంటగట్టింది మీరు. వదిలించేది గూడ మీరే. మళ్ల పోయి పండుకోండి. ఈసారి భార్యాపిల్లల్తోటి. చందాలుండవు."

న్యాయమైన మాట. వెళ్లాం. ఈసారి దండలు లేవు, ఊరేగింపు లేదు, రిక్షా కూడా లేదు. గొడుగులు వేసుకుని, కాఫీ సామాను సంచిలో పెట్టుకుని నడిచే వెళ్లాం. పిల్లలు హాలంతా పరిగెత్తి అలసి నిద్రపోయారు. నేను మాత్రం కళ్లు తెరుచుకుని పడుకున్నాను. పెరట్లో చప్పుడు లేదు. నడవాలో పొగ లేదు. ఎంత చెవి ఒగ్గినా ఆ ఇంట్లో నన్ను కొట్టేవాళ్లు కూడా లేరు. అప్పుడు వేసింది నాకు అసలు భయం.

"ఏమేవ్, నిద్రపోయావా?"

"ఏం, వచ్చిందా?"

"లేదు. ఎవరూ రాలేదు. అదే ఏం బాగోలేదు."

కామేశ్వరి లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది.

"పదండి, వంటింట్లో కాఫీ పెడతాను. యాదమ్మావాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూపిద్దురుగాని."